పెనుకొండకు ఇద్దరు విరుపణ్ణలు

పెనుకొండ బజారులో ఎవరినైనా ఆపి విరుపణ్ణ ఎవరని అడగండి. చప్పున లేపాక్షి పేరెత్తుతారు. వీరభద్రుడి గుడి కట్టించినాయన, రాజుగారి సొమ్ము గుడికి పోసి కళ్లు పోగొట్టుకున్నాయన అంటారు. ఆ మాటలో తప్పేం లేదు. కాకపోతే అదే ఊరి కోట ఉత్తరపు వాకిలి దగ్గరున్న శాసనంలో ఇంకో విరుపణ్ణ ఉన్నాడు. లేపాక్షి ఆయనకు దాదాపు నూట ఎనభై ఏళ్ల ముందువాడు. ఆయన కొలువు చేసిన మనిషి కాదు, కొలువు తీర్చిన మనిషి. విజయనగరం స్థాపించిన అన్నదమ్ముల్లో ఒకడైన బుక్కరాయల కొడుకు, వీర విరుపణ్ణ ఒడయరు. శాసనం 1354 నాటిది. పెనుకొండ సీమను తండ్రి ఈ కొడుకు చేతిలో పెట్టాడనీ, అతని హయాంలోనే ఈ కోట లేచిందనీ దాని సారాంశం. అనంతరసు అనే మంత్రి పేరు కూడా అందులో ఉంది.

ఇద్దరిదీ ఒకే పేరు, ఇద్దరూ పెనుకొండను నమ్ముకున్నవాళ్లే. ఒకరు కోట కట్టించారు, ఒకరు గుడి కట్టించారు. కోట కట్టించిన రాకుమారుణ్ణి సొంత ఊరే మరిచిపోయింది. గుడి కట్టించిన ఉద్యోగి పేరు మాత్రం బెంగళూరు నుంచి ఆదివారం కారేసుకొచ్చే కుర్రాళ్లకు కూడా నోటికొచ్చు.

రెండో విరుపణ్ణ నంది లక్కిశెట్టి, ముద్దమ్మల కొడుకు. అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1529కీ 1542కీ మధ్య, పెనుకొండ సీమలో పెద్ద అధికారం చేశాడు. తమ్ముడు వీరణ్ణ. ఇంటిపేరు కంటే ముందు గుర్తొచ్చే జంట ఇది. హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో, కూర్మశైలం అనే చిన్న గుట్ట మీద ఇద్దరూ కలిసి కట్టించిన గుడిలో వాళ్ల బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. గర్భగుడి ముందు మంటపంలో నిలబడి మెడ బాగా వెనక్కి వాల్చి చూడాలి. కప్పు నిండా పరుచుకున్న వీరభద్రుడు. ఆయన కాళ్ల దగ్గర, ఆ మూర్తి పక్కన బొటనవేలంత కనిపించే మనుషులు. నెత్తిన పొడవాటి కుళ్లాయిలు, మెడలో హారాలు. అంత ఖర్చుపెట్టి గుడి కట్టించినవాళ్లు తమ బొమ్మను ఎంత చిన్నగా వేయించుకున్నారో చూడండి. ఈ రోజుల్లో బోరుబావికి ప్రారంభోత్సవం చేసినా ఫ్లెక్సీలో దాత మొహం దేవుడి కంటే పెద్దదిగా ఉంటుంది.

అదే గుడి కప్పుల మీద బొమ్మల్లో ఆడవాళ్ల చీరలు చూడటానికి వేరే పొద్దు కావాలి. గళ్లు, చారలు, పూలు, హంసలు, వెడల్పాటి అంచులు. ధర్మవరం పట్టు నేసేవాళ్లు తమ అంచులకు పూర్వీకులు అక్కడున్నాయని గర్వంగా చెప్పుకుంటారు. లేపాక్షి బొమ్మల్ని చూసి కొత్త డిజైన్లు గీయించుకున్నవాళ్లూ లేకపోలేదు.

ఇక కళ్ల కథ. రాజు ఊళ్లో లేని సమయంలో విరుపణ్ణ ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడట. తిరిగొచ్చిన రాజు కళ్లు తీయమన్నాడట. ఆ శిక్ష తలారి చేతిలో ఎందుకని విరుపణ్ణ తానే కళ్లు పెరికి గోడకేసి కొట్టాడట. లోపలి ప్రాకారం గోడ మీద రెండు ఎర్రటి మరకలు చూపించి గైడ్లు గొంతు తగ్గించి ఈ కథ చెబుతారు. పైకప్పు లేకుండా ఆగిపోయిన కల్యాణమంటపం స్తంభాలు అందుకు సాక్ష్యమట. పని ఆగిందన్నది కంటికి కనిపిస్తున్న సత్యం. ఎందుకు ఆగిందన్నది వేరే సంగతి.

ఈ కథను నేను అంత తొందరగా నమ్మను. ఎందుకంటే పెనుకొండ చుట్టూ ఇదే కథ ఇంకొకరి పేరు మీద కూడా తిరుగుతోంది. ఆయన కూడా పెద్ద ఉద్యోగే. ఆయన మీదా రాజద్రోహం మోపారు, ఆయనకూ కళ్లు తీయించారు. ఆయనే కృష్ణదేవరాయల మహామంత్రి సాళువ తిమ్మరుసు. పెనుకొండలో తిమ్మరుసు బందీఖానా అని ఒక కట్టడం చూపిస్తారు, సమాధి అని ఇంకొకటి చూపిస్తారు. అయితే తిమ్మరుసు కథకు రాతపూర్వకమైన సాక్షి ఉన్నాడు. పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్, ఆ తర్వాత కొన్నేళ్లకే విజయనగరం గురించి రాస్తూ, ఆరేళ్ల రాకుమారుడికి పట్టం కట్టిన తర్వాత ఆ పిల్లవాడు జబ్బుపడి చనిపోయాడనీ, విషం పెట్టించారన్న అనుమానంతో రాయలు మంత్రినీ కొడుకుల్నీ ఖైదు చేయించి కళ్లు తీయించాడనీ చెప్పాడు. విరుపణ్ణ కథకు జనం నోరే ఆధారం. ఒకే సీమలో, పదిహేనేళ్లు అటూ ఇటూగా, ఇద్దరు పెద్ద ఉద్యోగులకు ఒకే శిక్ష పడిందంటే, శిక్ష రెండుసార్లు పడి ఉండొచ్చు. లేదా కథే ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి చేయి మారి ఉండొచ్చు. నా మొగ్గు రెండోదాని వైపే.

ఈ ఉదంతంలో ఇంకో తమాషా ఉంది. చనిపోయిన రాకుమారుడి పేరు తిరుమల. శిక్ష పడిన మంత్రి తిమ్మరుసు. విషం పెట్టాడని అనుమానించిన మంత్రి కొడుకూ తిమ్మ దండనాయకుడే. పిల్లవాడి తల్లి తిరుమలదేవి. ఆ తిరుమలదేవి వెంట శ్రీరంగపట్నం నుంచి అరణంగా వచ్చాడని చెప్పుకునే కవి నంది తిమ్మన, పారిజాతాపహరణం రాసినాయన. తిమ్మడన్నా తిరుమలడన్నా ఏడుకొండలవాడే కదా. ఒక కొలువు కూటంలో ‘తిమ్మా’ అని పిలిస్తే రాజకుటుంబం, మంత్రివర్గం, కవిలోకం మూడూ ఒకేసారి తల తిప్పాల్సిన పరిస్థితి.

రాయలు పోయాక గందరగోళం ఇంకా పెరిగింది. తమ్ముడు అచ్యుతరాయలు పెళ్లాడిన వరదాంబికకు ఇద్దరు అన్నదమ్ములు. పెద తిరుమల, చిన తిరుమల. చరిత్రలో సలకరాజులంటే వీళ్లే. ఆ పెళ్లినే వస్తువుగా తీసుకుని సంస్కృతంలో వరదాంబికా పరిణయ చంపువు రాసిన విదుషి పేరు తిరుమలాంబ. అంటే తిరుమలల చెల్లెలి పెళ్లి గురించి ఇంకో తిరుమల కావ్యం రాసిందన్నమాట. అచ్యుతుడు చనిపోయాక చిన తిరుమల మేనల్లుణ్ణి చంపించి సింహాసనమెక్కాడు. అళియ రామరాయలు అతన్ని అంతం చేసి సదాశివరాయలను గద్దె మీద కూర్చోబెట్టి, తాను రాజ్యం నడిపాడు. ఆ రామరాయల తమ్ముడి పేరేమిటో ఇక నేను చెప్పక్కర్లేదు. తిరుమలే. 1565 జనవరి 23న రాక్షసి తంగడి దగ్గర యుద్ధంలో రామరాయల తల తెగిపడ్డాక, కీలుబొమ్మ రాజు సదాశివుణ్ణీ, ఏనుగుల మీద కెత్తిన ఖజానానూ వెంటబెట్టుకుని హంపీ వదిలి పెనుకొండ చేరినవాడు ఈ తిరుమలరాయలు. రెండేళ్లకు వెనిస్ వ్యాపారి సీజర్ ఫ్రెడరిక్ హంపీ వచ్చేసరికి, తిరుమలరాయలు పాత రాజధానిని మళ్లీ నిలబెట్టాలని ప్రయత్నించి, కుదరక పెనుకొండకు మకాం మార్చిన సంగతి చెవిన పడింది. రామరాయలు, తిరుమలరాయల అరవీటి వంశానికి పెనుకొండ అలా రాజధాని అయింది.

చరిత్ర చదువుకునే పిల్లలు ఈ తిరుమలలందరినీ చూసి బెదిరిపోతారు. కానీ కాస్త ఆగి చూస్తే పేర్ల వరసే ఒక చరిత్ర చెబుతుంది. విజయనగర రాజులు తామ్రశాసనాల చివర తమ పేరు రాసుకోలేదు, ‘శ్రీ విరూపాక్ష’ అని హంపీ దేవుడి పేరు చేవ్రాలుగా పెట్టేవారు. రాజ్యం ఆయనది, మేం పెత్తందార్లం అని భావం. అందుకే తొలి రోజుల్లో ఎక్కడ చూసినా విరూపాక్షులే, విరుపణ్ణలే. బుక్కరాయల మనవడు ఇంకో విరూపాక్షుడు కత్తి పట్టినవాడే అయినా నారాయణీ విలాసమనే సంస్కృత నాటకం కూడా రాశాడు. సంగమ వంశం చివర్లో రాజ్యాన్ని సాగదీసి పాడుచేసినవాడూ విరూపాక్షుడే. అరవీటివారి కాలం వచ్చేసరికి చేవ్రాలు శ్రీ వేంకటేశ అయింది, నాణేల మీదికీ ఏడుకొండలవాడు ఎక్కాడు. కొడుకుల పేర్లూ శ్రీరంగ, వేంకటపతి. పెనుకొండలో 1586లో గద్దెనెక్కిన వేంకటపతిరాయలు కొన్నేళ్లకు చంద్రగిరికి తరలిపోయాడు. చేవ్రాలులో ఉన్న దేవుడికి ఆ రకంగా ఇంకా దగ్గరయ్యాడు.

మరి ఇన్ని ఒకే పేర్ల మధ్య మనిషిని పట్టుకోవడం ఎలా? శాసనాలు చదివేవాళ్లు మొదట పేరును పక్కన పెట్టేస్తారు. తండ్రి ఎవరు, గోత్రం ఏది, గురువు ఎవరు, ఏ పని చేశాడు అని చూస్తారు. దీనికి విజయనగర చరిత్రలో పెద్ద కేసు ఇద్దరు మాధవులది. వేదభాష్యం రాసిన సాయణుడి అన్న మాధవాచార్యుడు, పరాశర మాధవీయం కర్త, భారద్వాజ గోత్రీకుడు. అదే బుక్కరాయల కాలంలో గోవా గెలిచి అక్కడ పాలన చేసిన మాధవ మంత్రి ఉన్నాడు. ఈయన ఆంగిరస గోత్రం, చౌండుడి కొడుకు, కాశీవిలాస క్రియాశక్తి అనే శైవగురువు శిష్యుడు. సూతసంహితకు వ్యాఖ్య రాసిన పండితుడు కూడా కావడంతో చిక్కు వచ్చిపడింది. చాలాకాలం ఇద్దర్నీ కలిపి ఒకే మహాపురుషుణ్ణి చేశారు. పొద్దున భాష్యం రాసి సాయంత్రం కోట ముట్టడించే మనిషన్నమాట! చివరికి వాళ్లను విడదీసినవి గోత్రమూ తండ్రి పేరే. మన తాతలు సంధ్యావందనంలో ప్రవర చెప్పుకోవడం వెనుక ఎంత ముందుచూపు ఉందో చరిత్రకారుల్ని అడగాలి.

ఆ క్రియాశక్తి పేరు ధర్మవరంలోనూ వినిపిస్తుంది. ధర్మవరం చెరువు తవ్వించి, తల్లి ధర్మాంబ పేరిట ఊరు కట్టించినాయన క్రియాశక్తి ఒడయరని ఊరి ఐతిహ్యం. కాశీవిలాస క్రియాశక్తి రాజగురువు, ఈయన చెరువు తవ్వించిన ఒడయరు. చెరువు ఇప్పటికీ ఉంది కాబట్టి ధర్మవరం మటుకు తన క్రియాశక్తినే గట్టిగా పట్టుకుంది.

ఊరి పేరు ఇంటిపేరైతే సంగతి ఇంకా ముదురుతుంది. ధర్మవరం అనగానే ఇప్పుడు పెళ్లి చీర గుర్తొస్తుంది. నూరేళ్ల కిందట నాటకాలవాళ్లకు ఆ మాట వింటే ధర్మవరం రామకృష్ణమాచార్యులు గుర్తొచ్చేవారు. 1853లో పుట్టి 1912లో పోయిన ఆయన వృత్తికి బళ్లారిలో ప్లీడరు. ఖ్యాతికి ఆంధ్ర నాటక పితామహుడు. 1886లో బళ్లారిలో సరసవినోదినీ సభ పెట్టి చిత్రనళీయంతో తెలుగు నాటకానికి కొత్త దారి వేశారు. తమ్ముడు ధర్మవరం గోపాలాచార్యులు రామదాసు నాటకం రాశారు. మేనల్లుడు బళ్లారి రాఘవ కోర్టులోనూ స్టేజీ మీదా రాణించారు. ఈ ఇంట్లో పేర్లు వేరు, పనులు మాత్రం ఒకటే. కోర్టులో వాదించిన గొంతే రాత్రికి నాటకంలో పద్యం అందుకునేది.

హిందూపురం పేరు కథ ఢిల్లీ దాకా వెళుతుంది. గుత్తిని ఏలిన మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే తన తండ్రి హిందూరావు పేరు మీద ఈ ఊరు కట్టించాడని గెజెటీర్ల కథనం. హిందూరావు అన్నది మరాఠాల్లో బిరుదు. బిరుదులు ఒక్కరి దగ్గరే ఉండవు కదా. ఢిల్లీ రిడ్జి మీద ఇంకో హిందూరావు ఉన్నాడు. ఘాట్గే వంశంవాడు, గ్వాలియర్ దౌలత్‌రావు సింధియాకు బావమరిది. 1835లో ఢిల్లీ కమిషనరు విలియం ఫ్రేజర్ హత్యకు గురయ్యాక, అతని కొండమీది బంగళాను ఈయన కొన్నాడు. 1857 తిరుగుబాటులో ఇంగ్లీషు సైన్యం ఆ ఇంటినే కోటగా చేసుకుని ఢిల్లీ మీద ఫిరంగులు పేల్చింది. ఇప్పుడది హిందూరావు ఆసుపత్రి. ఒక హిందూరావు పేరు మీద రోగులు క్యూ కడుతున్నారు, ఇంకో హిందూరావు పేరు మీద బెల్లం, చింతపండు, ఎండుమిర్చి లారీలు కడుతున్నాయి. ఇద్దరిలో ఎవరూ వైద్యుడు కాడు, వ్యాపారీ కాడు.

దగ్గరి కాలానికి వస్తే, అనంతపురం జిల్లాలో నాగిరెడ్డి అంటే తరిమెల నాగిరెడ్డి. పక్క కడప జిల్లాలో పుట్టిన బి.నాగిరెడ్డి సినిమాల నాగిరెడ్డి. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు. ఒకరు 1917లో, ఒకరు 1912లో పుట్టారు. ఇద్దరూ రాయలసీమ భూస్వాముల ఇళ్ల పిల్లలే. అక్కడితో పోలిక చెల్లు. తరిమెల ఆయన 1952లో బావ నీలం సంజీవరెడ్డిని అనంతపురంలో ఓడించి అసెంబ్లీకి వెళ్లారు. 1969లో అదే చట్టసభ మీద నమ్మకం పోయి రాజీనామా చేసి, విప్లవం దారి పట్టారు. దేశం ఎలా తాకట్టులోకి పోయిందో పుస్తకం రాసి 1976లో కన్నుమూశారు. ఓడిన బావగారు 1967లో హిందూపురం నుంచి లోక్‌సభకు వెళ్లి స్పీకరయ్యారు, తర్వాత రాష్ట్రపతి కూడా అయ్యారు. సినిమాల నాగిరెడ్డి మద్రాసులో చక్రపాణితో కలిసి పాతాళభైరవి, మాయాబజార్ తీశారు. 1947లో మొదలైన చందమామతో మూడు తరాల పిల్లల్ని పెంచారు. ఆసుపత్రి కట్టారు. 1986 దాదాసాహెబ్ ఫాల్కే ఆయనకే. ఇందులో ఉపకథ ఒకటుంది. ఆయన అన్న నరసింహారెడ్డి మల్లీశ్వరి తీసిన దర్శకుడు. ఇంటిపేరు, మొదటి అక్షరాలు కలిపితే అన్న, తమ్ముడు ఇద్దరూ బి.ఎన్.రెడ్డే. అందుకని అన్నగారికి పొడి అక్షరాలు మిగిలాయి, తమ్ముడికి పూర్తి పేరు దక్కింది. మల్లీశ్వరి కథ నడిచేది కృష్ణదేవరాయల కాలంలో. అందులో నాగరాజు వేషం కట్టిన ఎన్టీ రామారావు తర్వాత తెనాలి రామకృష్ణలోనూ, 1962 నాటి మహామంత్రి తిమ్మరుసులోనూ రాయలే అయ్యారు.

ఆ రాయలే హిందూపురం ఓటు అడగడానికి వచ్చారు. 1985లో హిందూపురం, గుడివాడ, నల్గొండ మూడు చోట్లా గెలిచి, హిందూపురాన్నే అట్టిపెట్టుకున్నారు. 1989లో కల్వకుర్తి ఆయన్ను ఓడించినా హిందూపురం వదల్లేదు. 1994లోనూ గెలిపించింది. 1996 జనవరిలో ఆయన పోయాక ఉప ఎన్నికలో కొడుకు హరికృష్ణ గెలిచారు. ఆ హరికృష్ణ కొడుక్కి తాత పేరే. ఒక్క అక్షరం తేడా లేకుండా నందమూరి తారక రామారావు. పిల్లలతోనే తీసిన గుణశేఖర్ రామాయణంలో రాముడి వేషం. మనవడికి అదే మొదటి గుర్తింపు. 2009 ఎన్నికల్లో ఆయన తాత పార్టీకి ఊరూరా ప్రచారం చేశారు. సూర్యాపేట దగ్గర కారు ప్రమాదంలో గాయపడినా మంచం మీద నుంచే ఓటు అడిగారు. జనం ఆయనలో తాతను వెతుక్కున్నారు. ఆయన మాత్రం తిరిగి సినిమాలకే వెళ్లారు. హిందూపురం సీటు 2014 నుంచి బాబాయి బాలకృష్ణది. రెండు పేర్లు కలిసిపోకుండా తెలుగువాళ్లు తమ పద్ధతిలో ఏర్పాటు చేసుకున్నారు. పెద్దాయన అన్నగారు, చిన్నాయన తారక్. విరుపణ్ణలకు ఇలాంటి ముద్దుపేర్లు పెట్టి ఉంటే శాసనాలవాళ్లకు చాలా శ్రమ తగ్గేది.

ఊర్లకూ ఈ తిప్పలు తప్పలేదు. పశ్చిమగోదావరి వైపువాళ్లకు పెనుగొండ అంటే వాసవీ కన్యకాపరమేశ్వరి ఊరు. మన పెనుకొండను కూడా పుస్తకాల్లో పెనుగొండ అని రాసేవాళ్లున్నారు. పుట్టపర్తి నారాయణాచార్యులు అలానే రాశారు. ఇప్పుడు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. జిల్లా కేంద్రం పుట్టపర్తి. ఆ ఊళ్లో పుట్టిన సత్యనారాయణ రాజు ప్రపంచానికి సత్యసాయిబాబా. ఆ ఊరు ఇంటిపేరుగా ఉన్న నారాయణాచార్యులు శివతాండవం కవి, పద్నాలుగు భాషల పండితుడిగా పేరుపొందినవాడు. పేర్లు రెండింట్లోనూ నారాయణుడు, రెండింటి ముందూ పుట్టపర్తి. బయటి ఊళ్లవాళ్లు ఒకరి గురించి అడగబోయి ఇంకొకరి గురించి చెప్పించుకుంటారు.

ఆచార్యులు చిన్నతనం పెనుకొండలో గడిచింది. అక్కడి సబ్‌కలెక్టరు భార్య, పిట్ దొరసాని ఆయనకు ఇంగ్లీషు సాహిత్యం చెప్పింది. కూలిన కోటబురుజులు, గగనమహల్, తిమ్మరుసు చెర చూస్తూ పెరిగిన పిల్లవాడు మీసాలు రాకముందే పెనుగొండలక్ష్మి అనే కావ్యం రాసేశాడు. తర్వాత విద్వాన్ పరీక్షకు కూర్చోబోతే పాఠ్యపుస్తకాల్లో ఆ కావ్యం ఉంది. పుస్తకం అట్ట మీదా, పరీక్ష రాసేవాళ్ల జాబితాలోనూ పేరు ఒకటే. ఈసారి మనిషీ ఒకడే.